పరాయివాడి ఖైదీ

పొద్దున్నే ఫోను తెరిస్తే చాలు, ఏదో ఒక ప్రభుత్వం ఇంకో ప్రభుత్వానికి జవాబు చెబుతూ కనపడుతుంది. "ఇది మా అంతర్గత వ్యవహారం, మీ జోక్యం అక్కర్లేదు." బీజింగు అదే అంటుంది, మాస్కో అదే అంటుంది, బర్మా సైనికాధికారులు అదే అంటారు, మన ఢిల్లీ కూడా అదే అంటుంది. మా రోజుల్లో ఈ మాట లేదా అంటే, ఉంది. ఇంకా గట్టిగానే ఉంది. కానీ ఆ మాట వినగానే అవతలివాడు నోరు మూసుకుని కూచునేవాడు కాదు. మళ్ళీ అడిగేవాడు. ఉత్తరం రాసేవాడు, టెలిగ్రాం కొట్టేవాడు, అప్పు ఇచ్చేచోట అడ్డం పడతానని బెదిరించేవాడు. ఇప్పుడు ఒక్కసారి అడిగి, ఫోటో దిగి, ఒప్పందం మీద సంతకం పెట్టి విమానమెక్కుతున్నాడు. నా కడుపుమంటంతా అక్కడే.

ఇందులో నాలాంటి పొదిలి వాడికేం పని అని అడుగుతారు. ఉంది. 1970 దాకా మేం నెల్లూరు జిల్లా వాళ్ళం. ఆ ఏడు ఫిబ్రవరిలో పొదిలి, కనిగిరి, దర్శి నెల్లూరు నుంచి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి తీసి, గుంటూరు ముక్క కొంత కలిపి ఒంగోలు జిల్లా చేశారు. తర్వాత దానికే ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. ఇప్పుడు మార్కాపురం జిల్లా అంటున్నారు. కాగితాల మీద ఎన్ని జిల్లాలు మారినా, మా తరం వాళ్ళకు నెల్లూరంటే సొంత ఊరి లెక్క. అందుకే నెల్లూరు ఇంటి కోడలు స్నేహలతారెడ్డి సంగతి నాకు ఎప్పటికీ పాతబడదు.

ఆమె భర్త తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి. పద్యాల నడ్డి విరగదంతానని చెప్పి ఒక తరం కుర్రకారును ఊపేసిన కవి. తర్వాత సినిమాల్లోకి వెళ్ళాడు. 1970లో ఆయన కన్నడంలో తీసిన 'సంస్కార' దేశంలోకెల్లా ఉత్తమ చిత్రమని రాష్ట్రపతి స్వర్ణపతకం తెచ్చుకుంది. అందులో చంద్రి వేషం వేసింది స్నేహలతే. మద్రాసులో నాటకాలాడిన మనిషి, లోహియా సోషలిస్టుల స్నేహంలో తిరిగిన మనిషి. ఉబ్బసం రోగి. అది గుర్తుపెట్టుకోండి.

1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ పెట్టారు. నేనప్పుడు కొత్తగా బడిపంతులు ఉద్యోగంలో చేరినవాణ్ణి. పేపరు తెరిస్తే ఇరవై సూత్రాల పథకం, రేడియో పెడితే ఇరవై సూత్రాల పథకం. ఎవరు జైల్లో ఉన్నారో, ఎవరు బయట ఉన్నారో ఒక ముక్క తెలిసేది కాదు. తెలిసిన మేష్టారొకాయన ఇంట్లో రాత్రిపూట తలుపులు దగ్గరికేసి, గొంతు తగ్గించి బీబీసీ పెట్టుకునేవాళ్ళం. షార్ట్‌వేవ్ కదా, నల్లమల మీద మేఘం పట్టిందంటే గరగర తప్ప ఇంకేం వినపడదు. ఆ గరగరలోనే ఒకరోజు సోషలిస్టు నాయకుడు జార్జి ఫెర్నాండెజ్ దొరికిపోయాడని విన్నాం.

ఎమర్జెన్సీ వచ్చిన రోజు ఆయన ఒరిస్సాలో గోపాల్‌పూర్ సముద్రపు ఒడ్డున ఉన్నాడు. జాలరి వేషంలో తప్పించుకుని ఏడాది పాటు దేశమంతా తిరిగాడు. 1976 జూన్ 10న కలకత్తాలో పట్టుకున్నారు. డైనమైట్ పోగుచేశారని బరోడా డైనమైట్ కేసు పెట్టారు. అప్పటికే ఆయన తమ్ముడు లారెన్స్‌ను బెంగుళూరులో పోలీసులు పట్టుకెళ్ళి, అన్న ఎక్కడున్నాడో చెప్పమని ఒళ్ళు హూనం చేశారు. తమ్ముడికే అంత జరిగితే దొరికిన అన్నకు ఏం జరుగుతుందోనని అందరికీ భయం. అప్పుడు పలికారు పరాయివాళ్ళు. పశ్చిమ జర్మనీ మాజీ చాన్సలర్ విల్లీ బ్రాంట్, స్వీడన్ ప్రధాని ఊలఫ్ పాల్మే, ఆస్ట్రియా చాన్సలర్ బ్రూనో క్రైస్కీ. ముగ్గురూ సోషలిస్టులే. ఆ మనిషికి హాని జరిగితే మర్యాదగా ఉండదని నేరుగా ఇందిరాగాంధీకే చెప్పారు. జార్జి ప్రాణం దక్కింది. సంకెళ్ళ చేతులు పైకెత్తిన ఆయన బొమ్మ గోడలమీద అంటించుకుని, 1977లో ముజఫర్‌పూర్ జనం జైల్లో ఉన్నవాణ్ణి మూడు లక్షల పైచిలుకు మెజారిటీతో గెలిపించారు.

అదే కేసులో స్నేహలతను 1976 మే 2న పట్టుకెళ్ళి బెంగుళూరు సెంట్రల్ జైల్లో వేశారు. చివరికి చార్జిషీటులో ఆమె పేరే లేదు. అయినా మీసా అనే నిర్బంధ చట్టం కింద ఉంచేశారు. ఉబ్బసం వచ్చినప్పుడు గాలి ఆడక ఆమె పడే యాతన పక్క వార్డుల్లోకి వినపడేదని అదే జైల్లో ఉన్న మధు దండావతే తర్వాత చెప్పారు. తను ఊపిరికి కొట్టుకుంటూ కూడా తోటి ఆడ ఖైదీల తిండి గురించీ, వాళ్ళను కొట్టడం గురించీ జైలు అధికారులతో తగువు పడిందామె. డైరీ రాసుకుంది. ఇక మనిషి దక్కదని తెలిశాక 1977 జనవరి 15న పెరోలు మీద వదిలారు. 18న ఇందిరాగాంధీ రేడియోలో ఎన్నికలు ప్రకటించింది. 20న స్నేహలత చనిపోయింది. నలభై అయిదేళ్ళు కూడా నిండలేదు.

ఈ సంగతి మాకు పొదిల్లో అప్పటికప్పుడు తెలిసిందా? లేదు. ఎన్నికలైపోయి, సెన్సారు ఎత్తేశాక, నెల్లూరులో మా బంధువులింట్లో ఒక పత్రికలో చదివాను. చదివి ఆ రాత్రి నిద్రపోలేదు. నా కోపం మొదట జైలు వాళ్ళమీద. తర్వాత ఆలోచిస్తే ఇంకో సంగతి తోచింది. ఒకే కేసు, ఒకే సంవత్సరం, ఇద్దరు ఖైదీలు. ఒకాయన పేరు మూడు దేశాల నాయకుల నోట పలికింది. ఆమె పేరు అలా పలకలేదు. ఆయనకున్న పార్టీ, యూనియన్లు, అంతర్జాతీయ సోషలిస్టుల స్నేహం ఆమెకు లేవు. నాయకుడికి పరాయివాడి మాట సాయం దొరుకుతుంది. నాటకాలాడుకునే ఉబ్బసం రోగికి దొరకదు. ఆ మాట ఎవరికి ఎక్కువ అవసరం? ఆమెకే.

ఇంతా జరిగాక మన ఆంధ్రా ఏం చేసింది? ఉత్తరాది మొత్తం ఎమర్జెన్సీని ఊడ్చిపారేస్తే, మనం 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే వేశాం. ఒక్క నంద్యాలలో, మా నల్లమలకు ఆవలిపక్క, నీలం సంజీవరెడ్డి జనతా తరఫున గెలిచాడు. మా ఊళ్ళో టీకొట్ల దగ్గర జైళ్ళ గురించి ఎత్తితే, "రైళ్ళు టయానికి వస్తన్నాయిలే పంతులూ" అనేవాళ్ళు. పొదిలికి రైలే లేదు ఆ రోజుల్లో.

అంతకు ముందు సంగతి కూడా ఒకటుంది. తెలంగాణ రైతాంగ పోరాటంలో పన్నెండుమందికి ఉరిశిక్షలు పడితే, వాళ్ళ తరఫున వాదించడానికి లండన్ నుంచి డి.ఎన్. ప్రిట్ అనే బారిస్టరు పనిగట్టుకుని వచ్చాడు. బయటి దేశాల్లో సభలు జరిగాయి. ఆ ఉరులు ఆగాయి. ఎమర్జెన్సీలో ఉరిశిక్ష పడి ఉన్న భూమయ్య, కిష్టాగౌడ్‌ల కోసం కూడా దేశంలోనూ విదేశాల్లోనూ పేరున్న మేధావులు విన్నవించుకున్నారు. ఆ ఉరులు ఆగలేదు. 1975 డిసెంబర్ 1న తీసేశారు. పరాయివాడు అడిగితే ప్రతిసారీ పని జరుగుతుందని నేననను. అడగకపోతే మాత్రం జరగాల్సిన ఘోరం గుట్టుచప్పుడు కాకుండా జరిగిపోతుంది. జైలరుకు, ఇన్‌స్పెక్టరుకు, పైనున్న మంత్రికి, తమను ఎవరో చూస్తున్నారని తెలిస్తే చెయ్యి కాస్త వెనక్కి పోతుంది. ఇన్నేళ్ళలో నేను గమనించింది ఇదే.

ఆ చూసే పనిని మామూలు జనానికి అప్పగించినవాడు పీటర్ బెనెన్సన్ అనే ఇంగ్లీషు లాయరు. 1961 మే 28న లండన్ 'అబ్జర్వర్' పత్రికలో మరచిపోయిన ఖైదీల గురించి ఒక వ్యాసం రాశాడు. దాంట్లోంచే ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ పుట్టింది. కత్తి పట్టకుండా, పట్టమని ఎవరికీ చెప్పకుండా, కేవలం తన నమ్మకం కోసం, మాట కోసం జైల్లో ఉన్నవాడు అంతరాత్మ ఖైదీ అని ఒక లెక్క పెట్టారు. ఆ లెక్క ఎంత కఠినమంటే, ఆయుధపోరాటం కాదనలేదని మండేలాను కూడా ఆ జాబితాలో ఉంచలేదు. అయితే ఆయన్ను చిత్రహింస పెట్టకూడదనీ, ఆయన విచారణ న్యాయంగా జరగాలనీ అడగడం మానలేదు. వాళ్ళ పద్ధతి నాకు మహా ఇష్టం. ఆ రోజుల్లో ఒక్కో బృందం ముగ్గురు ఖైదీలను దత్తు తీసుకోవాల్సి ఉండేది. ఒకరు అమెరికా వైపు దేశాల్లోవాడు, ఒకరు కమ్యూనిస్టు దేశంలోవాడు, మూడోవాడు మనలాంటి దేశంలోవాడు. సొంత దేశపు ఖైదీ మాత్రం కాకూడదని అప్పటి నియమం. పరాయివాడి ఖైదీ కోసమే రాయాలి. అప్పుడు ఇందులో మన పార్టీ లేదు, మన కులం లేదు, మన లాభం లేదు.

మా మేష్టర్లలో ఒకాయనకు మద్రాసు స్నేహితుల ద్వారా ఈ సంగతి తెలిసి మాకు అంటించాడు. పోస్టాఫీసులో నీలం రంగు ఏరోగ్రాం కొనుక్కొచ్చి, స్కూలు అయ్యాక వరండాలో బెంచీ వేసుకుని రాసేవాళ్ళం. చిలీలో నియంత పినోషే జైళ్ళల్లో ఉన్నవాళ్ళ కోసం రాస్తే మా కమ్యూనిస్టు మిత్రులు వచ్చి సంతకాలు పెట్టేవాళ్ళు. 1980 జనవరిలో శాస్త్రవేత్త సఖరోవ్‌ను గోర్కీ పట్టణానికి పంపేసి అక్కడే కట్టడి చేస్తే, ఆయన కోసం రాద్దామన్నాం. అదే మిత్రులు మాట్లాడ్డం మానేశారు. "అది అమెరికా వాడి కుట్ర సార్" అన్నాడు ఒకడు. అప్పటిదాకా మమ్మల్ని ఎర్రజెండాలని తిట్టిన కాంగ్రెసాయన వచ్చి సంతకం పెట్టాడు. మా మేష్టారు రెండు ఉత్తరాలనూ ఒకే కట్టలో పెట్టి పోస్టు చేశాడు. 1986 డిసెంబరులో సఖరోవ్ ఇంట్లో రాత్రికి రాత్రి టెలిఫోను బిగించి, మర్నాడు గోర్బచేవ్ స్వయంగా ఫోను చేసి మాస్కో వచ్చెయ్యమన్నాడు. అమెరికా అధ్యక్షులు చేసిన ఒత్తిడి ముందు మా ఏరోగ్రాం ఏపాటిది? అయినా ఆ సంచుల్లో మాదీ ఒకటుంది.

ప్రభుత్వాల సంగతికొస్తే, మా రోజుల్లో మన ప్రభుత్వానికి ఒక విషయంలోనైనా వెన్నెముక ఉండేది. 1946లో, ఇంకా స్వాతంత్ర్యం కూడా రాలేదు, దక్షిణాఫ్రికా ప్రభుత్వం అక్కడి భారతీయులను అవమానిస్తున్నదని మనం ఆ దేశంతో వ్యాపారం తెంచేశాం. ప్రపంచంలో మొదట ఆ పని చేసింది మనమే. అప్పుడు మన ఎగుమతుల్లో ఐదు శాతం పైన ఆ దేశానికే పోయేది. పేద దేశం అంత వదులుకుంది. 1860 నుంచి నాటాల్ చెరకు తోటలకు ఓడలెక్కిన కూలీల్లో మన తెలుగువాళ్ళూ ఉన్నారు గనక, అది మన ఇంటి సంగతి కూడా. ఏళ్ళ తరబడి మన పాస్‌పోర్టు మీద దక్షిణాఫ్రికాకు చెల్లదని అచ్చు వేశారు. 1974లో డేవిస్ కప్పు ఫైనల్ చేరి, అవతల దక్షిణాఫ్రికా ఉందని ఆడకుండా కప్పు వదిలేశాం. అమృత్‌రాజ్ సోదరులు గెలిచే అవకాశం ఉన్న కప్పు అది. 1979కి నెహ్రూ అవార్డు జైల్లో ఉన్న మండేలాకు ప్రకటిస్తే, సహచరుడు ఆలివర్ టాంబో ఢిల్లీ వచ్చి ఆయన తరఫున అందుకున్నాడు. 1990 ఫిబ్రవరి 11న మండేలా బయటికొస్తే, మర్నాడు మా బళ్ళో పిల్లలకు ఆ కథంతా చెప్పాను.

మా రోజులన్నీ బంగారమని చెబితే మా మేష్టారు ఊరుకోడు. 1979లో పాకిస్తాన్‌లో సైనిక పాలకుడు జియా ఉల్ హక్, మాజీ ప్రధాని భుట్టోను ఉరి తీయబోతుంటే ఎన్నో దేశాల అధినేతలు ప్రాణభిక్ష పెట్టమన్నారు. మన మొరార్జీ దేశాయ్ అది పాకిస్తాన్ అంతర్గత వ్యవహారమని ఊరుకున్నాడు. మొరార్జీ ఎవరు? ఎమర్జెన్సీలో తానే పందొమ్మిది నెలలు నిర్బంధంలో ఉన్నవాడు. ఆయన మంత్రివర్గంలో ఎవరున్నారు? బ్రాంట్, పాల్మే, క్రైస్కీల మాటసాయం అందుకున్న జార్జి ఫెర్నాండెజ్. ఆ రోజు నాకొచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు. నీ కోసం పరాయివాడు నోరు విప్పాడు, పరాయివాడి కోసం నువ్వు విప్పవా?

పి.వి. నరసింహారావుగారి కాలంలో ఇంకో ముచ్చట జరిగింది. బర్మాలో ఆంగ్ సాన్ సూకీ ఇంట్లో నిర్బంధం. ఢిల్లీలో లేడీ శ్రీరామ్ కాలేజీలో చదువుకున్న పిల్ల. 1993 సంవత్సరానికి నెహ్రూ అవార్డు ఆమెకని 1995లో ప్రకటించారు. సరిగ్గా అప్పుడే ఈశాన్య సరిహద్దులో తీవ్రవాదుల మీద మన సైన్యమూ బర్మా సైన్యమూ కలిసి దాడి చేస్తున్నాయి. అవార్డు మాట వినగానే బర్మా సైన్యం చేతులెత్తేసి వెళ్ళిపోయింది. నష్టం వచ్చింది. మన తెలుగాయన ప్రభుత్వమే ఆ నష్టం భరించింది. అదే ప్రభుత్వం ఆ సైనికులతో బేరసారాలు కూడా మొదలుపెట్టిందనుకోండి. ఆ తర్వాత వచ్చినవాళ్ళకు బేరాలే మిగిలాయి. సూకీ అధికారంలో ఉన్నప్పుడు రోహింగ్యాల విషయంలో చేసింది నేను సమర్థించను. కానీ 2021 ఫిబ్రవరి 1న ఆమెను మళ్ళీ పట్టుకెళ్ళి, వరసగా కేసులు బనాయించి 33 ఏళ్ళ శిక్ష వేశారు. 2023లో దయతలచి ఆరేళ్ళు తగ్గించారు. 2021 జూన్‌లో బర్మా మీద ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో తీర్మానం వస్తే 119 దేశాలు అనుకూలంగా చెయ్యెత్తాయి. మనం తటస్థం.

మొన్నామధ్య పెద్ద బస్టాండు దగ్గర టీ తాగుతుంటే మా వీధి కుర్రాడొకడు ఫోనులో వార్త చూసి మండిపడ్డాడు. ఇక్కడి ఖైదీల గురించి ఐక్యరాజ్యసమితి వాళ్ళెవరో ఏదో అన్నారట.

"వాళ్ళెవరు తాతా మనకు చెప్పేదానికి? మన జైళ్ళు, మన కోర్టులు."

"మీ నాయన పొగాకు వేలం ఎట్టా జరిగిందిరా ఈసారి?" అన్నాను.

"యాడ తాతా. సగం బేళ్ళు నోబిడ్. బయట దేశాల నుంచి ఆర్డర్లు లేవంట."

"బెల్జియం వాడు కొనకపోతే మీ నాయన నెలంతా వేలం కేంద్రం చుట్టూ తిరుగుతాడు. సరుకు కొనేదానికి పరాయివాడు కావాల. జైల్లో మనిషి చచ్చిపోతున్నాడయ్యా, వైద్యం చేయించండి అని చెప్పేదానికి పరాయివాడు పనికిరాడా?"

వాడు జవాబు చెప్పలేదు. వాడికి సాయిబాబా ఎవరో తెలియదు. అమలాపురం మనిషని, ప్రొఫెసరని చెప్పి, సంగతంతా వివరించాను.

ఆ సంగతి మీకూ చెప్పాలి. జి.ఎన్. సాయిబాబా చిన్నప్పుడే పోలియోతో రెండు కాళ్ళూ పోగొట్టుకున్నాడు. చక్రాల కుర్చీలో తిరుగుతూ ఢిల్లీ రామ్‌లాల్ ఆనంద్ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పాడు. మావోయిస్టులతో సంబంధముందని 2014 మే 9న పట్టుకెళ్ళారు. 2017 మార్చి 7న గడ్చిరోలి కోర్టు యావజ్జీవం వేసింది. నాగపూర్ జైల్లో అండా సెల్లనే ఒంటరి కొట్లో పెట్టారు. తొంభై శాతం వైకల్యం ఉన్న మనిషి అక్కడ ఎట్లా బతుకుతాడో ఆలోచించండి. 2018 జూన్‌లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల నిపుణులు ఆయన ఆరోగ్యం క్షీణిస్తోంది, విడుదల చేయండి అని బహిరంగంగా అడిగారు. 2020లో తల్లి చనిపోతే చివరిచూపుకు పెరోలు దొరకలేదు. 2022 అక్టోబర్ 14న బాంబే హైకోర్టు నిర్దోషి అంది. మర్నాడు శనివారం, సెలవు రోజు, సుప్రీంకోర్టు ప్రత్యేకంగా కూచుని ఆ తీర్పు ఆపింది. 2024 మార్చి 5న హైకోర్టు మళ్ళీ నిర్దోషి అంది. 7న బయటికొచ్చాడు. అక్టోబర్ 12న హైదరాబాద్ నిమ్స్‌లో చనిపోయాడు. యాభై ఏడేళ్ళు. దేహాన్ని గాంధీ మెడికల్ కాలేజీకి ఇచ్చారు.

స్నేహలత బయటికొచ్చి ఐదు రోజులు బతికింది. సాయిబాబా ఏడు నెలలు బతికాడు. ఇద్దరూ మన తెలుగువాళ్ళు, ఇద్దరూ రోగులు. మధ్యలో నలభై ఏడేళ్ళు గడిచాయి. నిపుణులు అడిగారు, సంస్థలు అడిగాయి, రచయితలు అడిగారు. దేశాధినేతలు? ఆ తొమ్మిదీ పదేళ్ళలో ఢిల్లీకి రాని అధినేత లేడు. యుద్ధ విమానాలు అమ్మారు, రియాక్టర్లు అమ్మజూపారు, ఆలింగనాలు చేసుకున్నారు. 1976లో ఇందిరాగాంధీ పాల్మే మాట ఎందుకు చెవిన వేసుకోవాల్సి వచ్చింది? అప్పుడు మనకు ఏటేటా అప్పులిచ్చే దేశాల కూటమి ఒకటుండేది. పడమటి దేశాల్లో చెడ్డపేరు వస్తే ఆ అప్పుల దగ్గర ఇబ్బంది. ఇప్పుడు మన దేశం పెద్ద అంగడి అయింది. మనకు సరుకు అమ్ముకునేవాళ్ళు మనతో తగువు పెట్టుకోరు. దేశం ఎదిగినందుకు నాకు సంతోషమే. ఎదిగిన దేశంలో ఖైదీ పేరు ఎత్తేవాడు కరువైనందుకే బాధ.

ఒక్క మన సంగతే కాదు. 2010లో చైనా రచయిత లియు షియావోబోకు నోబెల్ శాంతి బహుమతి ఇస్తే ఆయన జైల్లో ఉన్నాడు. ఓస్లోలో ఖాళీ కుర్చీలో పతకం పెట్టారు. సభకు వెళ్ళొద్దని చైనా అందరికీ చెప్పినా మన రాయబారి వెళ్ళాడు. ఆ ఒక్క విషయంలో ఢిల్లీని మెచ్చుకోవాలి. చైనా కక్షగట్టి నార్వే సాల్మన్ చేపలు కొనడం బాగా తగ్గించేసింది. ఆరేళ్ళకు, 2016 డిసెంబరులో, నార్వే చైనాకు నచ్చే మాటలు కాగితం మీద రాసిచ్చి రాజీ పడింది. 2017 జూలై 13న లియు కాలేయ క్యాన్సరుతో, కాపలా మధ్యే చనిపోయాడు. బహుమతి ఇచ్చిన గడ్డ మీది ప్రభుత్వం ఆయన్ను బయటికి పంపమని గట్టిగా అడగలేకపోయింది. సాల్మన్ చేప అంత బరువా?

ఇక బేరాలు. 2024 ఆగస్టు 1న రష్యా, పడమటి దేశాలు ఖైదీలను మార్చుకున్నాయి. వచ్చినవాళ్ళలో వ్లాదిమిర్ కారా ముర్జా లాంటి నిజమైన అంతరాత్మ ఖైదీలున్నారు. వాళ్ళకు బదులుగా పోయినవాళ్ళలో బెర్లిన్ పార్కులో మనిషిని కాల్చి చంపి యావజ్జీవం పడినవాడు ఉన్నాడు. రష్యా ప్రతిపక్ష నాయకుడు నవాల్నీ ఆ బేరం దాకా బతకనే లేదు. ఫిబ్రవరిలోనే ధ్రువప్రాంతపు జైల్లో పోయాడు. 2025 డిసెంబరులో బెలారస్ నూరుమంది పైగా ఖైదీలను వదిలింది. వాళ్ళలో నోబెల్ గ్రహీత ఆలెస్ బియాలియాట్స్కీ ఉన్నాడు. దానికి బదులు అమెరికా బెలారస్ పొటాష్ మీద ఆంక్షలు ఎత్తేసింది. పొటాష్! మా మిరప రైతులు బస్తా ధర ఎంతని వాకబు చేసే పొటాష్. మనుషులు బయటికొచ్చినందుకు నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి, అబద్ధమెందుకు. కానీ ఇట్లా ఎరువుకు మనిషిని తూచి ఇచ్చే పద్ధతి అలవాటైతే, రేపు ఆ నియంతకు ఇంకో సరుకు అమ్ముకోవాలన్నప్పుడు ఏం చేస్తాడు? ఇంకో నూరుమందిని లోపలేస్తాడు. పాల్మే మాటకు ధర లేదు. అందుకే దానికి విలువ ఉండేది.

అడిగే చేతులు కూడా తగ్గిపోతున్నాయి. టెలిగ్రాం 2013 జూలైలో ఆగిపోయింది, సరే, కాలం మారింది. ఆమ్నెస్టీ భారత శాఖ బ్యాంకు ఖాతాలు స్తంభింపజేశారని 2020 సెప్టెంబర్‌లో దుకాణం కట్టేసుకుని సిబ్బందిని పంపేసింది. ఆ సంస్థ అన్న ప్రతి మాటా నేను ఒప్పుకోను. మా ఏరోగ్రాముల రోజుల్లో కూడా వాళ్ళతో వాదన పెట్టుకున్నవాళ్ళం. అయినా ఆ తలుపు మూయడం నాకు నచ్చలేదు.

ఢిల్లీకి చేతకాదంటే నమ్మను. ఖతార్‌లో మన నౌకాదళం మాజీ ఉద్యోగులు ఎనిమిదిమందికి 2023 అక్టోబరులో మరణశిక్ష పడింది. వాళ్ళలో మన విశాఖపట్నం ఆయన ఒకరు. ఆ డిసెంబరుకే ఉరి రద్దయింది. 2024 ఫిబ్రవరి 12న అందర్నీ వదిలేశారు. వాళ్ళది వేరే రకం కేసు, మనవాళ్ళు గనక పరుగెత్తారు. పరుగెత్తాల్సిందే. ఎవరి దగ్గరికి వెళ్ళాలో, ఏ మాట ఏ చెవిలో వెయ్యాలో మన దౌత్యవేత్తలకు బాగా తెలుసని ఆ కేసు చూపించింది. ఆ తెలివిలో పదో వంతు పొరుగు దేశపు ఖైదీ మీద పెడితే ఏం పోతుంది?

అందుకని ఈసారి ఓట్లకు వచ్చే ఎంపీ అభ్యర్థిని నేను రోడ్డు గురించీ వెలిగొండ ప్రాజెక్టు గురించీ అడుగుతాను, ఇది కూడా అడుగుతాను. పార్లమెంటు సమావేశం జరిగినప్పుడల్లా విదేశాంగ మంత్రికి ఒక ప్రశ్న వెయ్యి. పొరుగు దేశం జైల్లో ఉన్న ఒక మనిషి పేరు చెప్పి, మీరు వెళ్ళినప్పుడు ఈయన గురించి అడిగారా, ఏం జవాబిచ్చారు అని అడుగు. జవాబు లిఖితపూర్వకంగా తీసుకో. పేర్లకు వెతుక్కోనక్కర్లేదు. బర్మాలో జైలుకెళ్ళి వచ్చినవాళ్ళే 2000లో ఒక సంఘం పెట్టుకున్నారు. ఎవరిని ఏ రోజు పట్టుకెళ్ళారో, ఏ జైల్లో ఉంచారో, ఎవరు లోపలే పోయారో రాసి పెడుతున్నారు. సూకీ పేరు అందరికీ తెలుసు. ఆ జాబితాలో మిగతావాళ్ళంతా పంతుళ్ళు, నర్సులు, రైల్వే గుమాస్తాలు, పద్యాలు రాసుకునే కుర్రాళ్ళు. ఆ అభ్యర్థి సరేనంటే వాళ్ళలోంచి మొదటి పేరు నేనే రాసిస్తాను.